ముందస్తు క్షమాపణల ఇవాకిరి గారు

లోకంలో తప్పు చేసి క్షమాపణ చెప్పేవాళ్ళున్నారు, తప్పు చేసినా చెప్పనివాళ్ళున్నారు. మా ఇవాకిరి గారు ఈ రెండు జాతుల్లోనూ చేరరు. ఆయన తప్పు జరగకముందే క్షమాపణ చెప్పేవారు. ఎవరు చేయబోయే తప్పు, ఎప్పుడు చేయబోయే తప్పు అన్న పట్టింపు కూడా లేదు. జరిగి తీరుతుందని మాత్రం ఆయనకి గట్టి నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాకుండా మా రైలు కూడా తన వంతు సాయం తాను చేస్తూ ఉండేది.

మా రైలంటే పట్టాల మీద నడిచేది కాదు. అయస్కాంతాల బలంతో గాల్లోకి లేచి, నేలకి బెత్తెడు ఎత్తున తేలుతూ, విమానంతో పోటీపడి పోవాల్సిన రైలు. 'పోవాల్సిన' అన్న మాట గమనించండి. క్యూషూ దీవి తూర్పు తీరంలో, ఒకిత్సుబో అనే మా ఊరి పక్కన, సముద్రం ఒడ్డునే కాంక్రీటు కాలవలాంటి దారి ఒకటి కట్టి, ఆ రైలుని అందులో పెట్టి, ఏళ్ళ తరబడి పరీక్షలు చేశారు. నేను ఆ పరీక్షా కేంద్రం ఆఫీసులో సామాను కొనుగోళ్ళు చూసేదాన్ని. పెన్సిళ్ళ దగ్గర్నుంచి ద్రవ హీలియం దాకా అన్నీ నా చేతి మీదుగానే వచ్చేవి. నా పేరు ఫుమియే. నోరు కాస్త చురుకంటారు. ఆ కేంద్రంలో పనిచేస్తూ నోరు మెత్తగా ఉంచుకోవడం ఎవరి వల్లా కాదు లెండి.

ఎందుకంటే అక్కడ ఏ రోజూ ఏదీ అనుకున్నట్టు జరిగేది కాదు. ఆ అయస్కాంతాల్ని హీలియంలో ముంచి, మనిషి ఊహకి అందనంత చల్లగా ఉంచాలి. అలా ఉన్నంతసేపే వాటికి బలం. రవ్వంత వేడి తగిలిందా, ఒక్క క్షణంలో బలమంతా పోయి, హీలియం తెల్లటి ఆవిరై బుస్సుమని పైకి లేచి, రైలు ధబ్బున చక్రాల మీద కూలబడుతుంది. ఆ ఆవిరి చూసి పొలాల్లో వాళ్ళు 'ఇవాళ్టికి అయిపోయింది, ఇక వీళ్ళు భోజనాలకి లేస్తారు' అనుకుని తామూ అన్నం డబ్బాలు విప్పుకునేవాళ్ళు. మాకు మాత్రం ముద్ద దిగేది కాదు.

ఇవాకిరి గారు ఇంజనీరు కాదు. రైలు పరిగెత్తే దారిని ఊడ్చి, రాళ్ళూ రప్పలూ, పిచ్చుక గూళ్ళూ, ముఖ్యంగా ఇనప ముక్కలూ ఏరేయడం ఆయన పని. దాంతోపాటు కంచె, గేటు ఆయనే చూసుకునేవారు. రైలు పెట్టెని ముట్టుకునే అనుమతి ఆయనకి లేదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. బక్కపలచగా ఉండేవారు. చీపురు పక్కన నిలబడితే రెండిట్లో ఏది ఆయనో తేల్చుకోవడానికి కాస్త సమయం పట్టేది.

నేను ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున్నే నా బల్ల ముందుకొచ్చి నడుం విరిగేలా వంగారు.

"ఫుమియే గారూ, నన్ను మన్నించాలి."

"దేనికండీ?"

"ఇంకా జరగలేదండి."

"జరగనిదానికి మన్నించడమేమిటి?"

"జరిగాక మీకు కోపంగా ఉంటుందండి. అప్పుడడిగితే బాగుండదు. ఇప్పుడైతే ప్రశాంతంగా ఉన్నారు కదా."

ఎవరో పిచ్చాయన అనుకుని తలూపి పంపించేశాను. మధ్యాహ్నం హీలియం పీపాలు లెక్క చూద్దామని రైలు పెట్టె దగ్గరికి వెళ్ళాను. చేతికి మా అమ్మ ఇచ్చిన గడియారం ఉందన్న సంగతి గుర్తులేదు. అయస్కాంతాల దెబ్బకి అది అక్కడికక్కడే చచ్చి ఊరుకుంది. నేను ఏడుపు ముఖంతో తిరిగొచ్చేసరికి ఇవాకిరి గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

"పొద్దున్న చెప్పింది దీని గురించేనండి," అన్నారు.

"నా గడియారం ఆగిపోతుందని మీకు ముందే తెలుసా?"

"గడియారమని తెలియదండి. ఏదో ఒకటని తెలుసు."

ఇంకేం తిడతాను? పొద్దున్నే మన్నించేశాను కదా. అదే ఆయనతో వచ్చిన చిక్కు. మనకి న్యాయంగా రావలసిన కోపాన్ని కూడా ముందుగానే పట్టుకుపోయేవారు.

ఊళ్ళో పళ్ళ డాక్టరు గారి సంగతి అందరూ చెప్పుకునేవాళ్ళు. ఈయన పన్ను నొప్పితో వెళ్ళి, కుర్చీలో కూర్చోగానే, "డాక్టరు గారూ, కొరికినందుకు మన్నించండి," అన్నారట. "ఇంకా నోరే తెరవలేదుగా," అని డాక్టరు నవ్వుతూ వేలు లోపల పెట్టాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ వేలికి కట్టుతో తిరిగాడు. "చెప్పాడండీ పాపం, నేనే వినిపించుకోలేదు," అనేవాడు కనిపించిన వాళ్ళందరితో.

ఇక సోనోదా పెళ్ళి. సోనోదా మా అయస్కాంతాల ఇంజనీరు. ఆ చల్లదనం వ్యవహారమంతా అతని నెత్తి మీదే ఉండేది. టోక్యో నుంచి వచ్చినవాడు, మా ఊరమ్మాయినే, చేపల కొట్టు కురోసే గారి కూతురు చిహారుని చేసుకున్నాడు. విందులో అందరూ తలో మంచి మాటా చెబుతున్నారు. ఎవరి బుద్ధి గడ్డి తిందో గానీ, ఇవాకిరి గారిని కూడా మాట్లాడమన్నారు. ఆయన లేచి పెళ్ళికూతురి వైపు తిరిగి వంగారు.

"చిహారు గారూ, ఇవాళ మీరెంతో సంతోషంగా ఉన్నారు. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నాను. సోనోదా గారు రోజూ ఆలస్యంగా ఇంటికొస్తారు. వచ్చినా ధ్యాసంతా రైలు మీదే ఉంటుంది. మీ పుట్టినరోజు మరిచిపోతారు. వీటన్నిటికీ నన్ను మన్నించండి."

కురోసే గారు చేతిలో సాకే సారా గిన్నె కింద పెట్టేశారు. "ఎవడయ్యా ఈయన్ని లేపింది?" అని కేకేశారు. పెళ్ళికొడుకు ముఖం ఉడికిన రొయ్యలా అయింది. చిహారు మాత్రం పకపకా నవ్వి, "మన్నించానండీ," అంది. ఆ పిల్ల అన్నందుకు ఆ మాట మీదే నిలబడింది. ఇంట్లో గొడవ ముదిరినప్పుడల్లా, "పోన్లే, ఇవాకిరి గారు ముందే చెప్పారు," అని గిన్నెలు సర్దుకునేదట. వాళ్ళకి ఇద్దరాడపిల్లలు పుట్టారు. ఇద్దరూ మా ఊరి బళ్ళోనే చదువుకునేవాళ్ళు.

ఇవన్నీ ఒక ఎత్తు, రైలు పరుగుకి ముందు రోజు ఈయన చేసే హడావిడి ఒక ఎత్తు. ఉతికిన చొక్కా తొడుక్కుని, సంచి నిండా యోకాన్ మిఠాయి పెట్టెలు వేసుకుని, దారి పొడుగునా ఉన్న ఇళ్ళన్నిటికీ బయల్దేరేవారు. ఎర్ర చిక్కుడు గింజల తీపి బిళ్ళలు లేకుండా మా దగ్గర ఎవరూ క్షమాపణకి గుమ్మం తొక్కరు. అవి కొనిపెట్టాల్సింది నేను. మిఠాయి కొట్టాయన నన్ను చూడగానే, "రేపు రైలా?" అని అడిగి పెట్టెలు దించేవాడు.

"ఇవాకిరి గారూ, ఒకవేళ రేపు బాగా జరిగితేనో? ఇవన్నీ దండగ కదా?" అన్నానొకసారి.

"బాగా జరిగితే, అనుకోకుండా బాగా జరిగినందుకు ఇంకోసారి వెళ్ళి మన్నించమంటానండి."

"అలా ఎప్పుడైనా వెళ్ళారా?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. "ఇంకా అవసరం పడలేదండి," అన్నారు.

ఆ ఇళ్ళలో ఏం చెప్పి వచ్చేవారో మేమెవరం ఆరా తీయలేదు. మన్నించండి అని చెబుతాడు, ఇంకేముంటుంది అనుకునేవాళ్ళం. మా దారిని ఆనుకుని యోనే మామ్మ కోళ్ళ షెడ్డు ఉండేది. ఎనభై దాటిన మనిషే గానీ గొంతు మాత్రం ఊరవతలికి వినబడేది. రైలు కూలబడినప్పుడల్లా కోళ్ళు బెదిరిపోయి గుడ్లు పెట్టడం మానేసేవి. వెంటనే మామ్మ చేట చేత్తో పట్టుకునే గేటు దగ్గరికొచ్చేది.

"ఒరే ఇవాకిరీ! మళ్ళీ చెడగొట్టావట్రా? నీ చేతులకేమొచ్చిందిరా?"

"మన్నించు మామ్మా. వచ్చే నెల కూడా చెడగొడతాను, దానికి కూడా."

పాపం, గేటు దగ్గర కనిపించినవాణ్ణి తిట్టి పోతోంది అనుకునేవాళ్ళం మేము. తిట్టినా గుడ్లు మాత్రం ఆయన చేతిలోనే పెట్టి పోయేది.

మా దేశంలో యంత్రం చెడితే ముందు యంత్రాన్ని చూడరు. ఎవరు వంగుతారా అని చూస్తారు. ఎవరో ఒకరు నలుగురిలో నిలబడి, 'తప్పు నాది' అని తల నేలకి దించాలి. అవతలివాళ్ళు తృప్తిపడి ముఖం తిప్పుకునేదాకా ఎత్తకూడదు. అలా వంగిన మనిషికి ఆ ఊళ్ళో మళ్ళీ పరువుండదు. చేపల కొట్లో కూడా అతనికి తోక ముక్కే కోసిస్తారు. అతని పిల్లల పక్కన బళ్ళో ఎవరూ కూర్చోరు. మా రైలు అన్నిసార్లు కూలబడినా మా ఇంజనీర్లకి ఒకిత్సుబోలో అలాంటి గతి పట్టలేదు. సోనోదా వీధిలో వెళ్తుంటే ముసలివాళ్ళు కూడా పలకరించి, "కష్టపడుతున్నావు నాయనా," అనేవాళ్ళు. మా ఊరివాళ్ళు మంచివాళ్ళు కాబోలు అనుకునేదాన్ని. నా ఊరే అయినా, అంత మంచివాళ్ళని అంతకుముందు నాకెప్పుడూ అనిపించలేదు.

సోనోదా మాత్రం లోపల్లోపల చచ్చిపోతున్నాడు. మొదట్లో రోజూ గడ్డం గీసుకొచ్చేవాడు. తర్వాత పరుగున్న రోజున మాత్రమే గీసుకునేవాడు. ఆఖరికి, పరుగు బాగా జరిగిన రోజున గీసుకుంటానని కూర్చున్నాడు. ఇక ఆ గడ్డం ఎక్కడిదాకా పెరిగిందో నేను వేరే చెప్పాలా? చిహారు నా దగ్గరికొచ్చి, "పిన్నీ, నిద్రలో కూడా ఆవిరి, ఆవిరి అని లేస్తున్నారు," అని కళ్ళొత్తుకుంది. ఏం చెప్పి ఓదారుస్తాను? నాకూ అదే కల వస్తోంది.

ఒక పరుగుకి ముందు ఇవాకిరి గారు మామూలుగానే నియంత్రణ గది గుమ్మంలో నిలబడి, "సోనోదా గారూ, మన్నించాలి," అన్నారు. సోనోదా కుర్చీ తన్నుకుంటూ లేచాడు.

"చాలించండి! ఒక్కరోజు, ఒక్కరోజైనా మీరు నోరు మూసుకోలేరా? మీ నోటి మాటే మాకు తగులుతోందేమో!"

"తగలొచ్చండి. దానికి కూడా మన్నించండి."

సోనోదా రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆ రోజు కూడా రైలు కూలబడింది. మా అందరికీ ఇవాకిరి గారి నోటి మీద అనుమానం అప్పట్నుంచే గట్టిపడింది. చదువుకున్న ఇంజనీర్లు, మనిషి నోటికీ అయస్కాంతానికీ ఏం సంబంధం అని అడగాల్సినవాళ్ళు, ఆయన ఎదురొస్తే పక్కదారి పట్టేవాళ్ళు. నిరాశ ముదిరితే మనిషి ఎంతకైనా దిగజారతాడు.

అలాంటి రోజుల్లో టోక్యో నుంచి కబురొచ్చింది. రైల్వే పెద్దల సంఘం స్వయంగా వచ్చి పరుగు చూస్తుందట. ఆ రోజు రైలు తేలకపోతే అయస్కాంతాల విభాగం మూసేస్తారట, సోనోదా టోక్యో వెళ్ళి అందరి ముందూ వంగాలట. ఆ తర్వాత అతన్ని ఏ మారుమూల స్టేషన్లోనో ప్రయాణికులు మరిచిపోయిన గొడుగుల గదికి కాపలా పెడతారని కూడా గుసగుసలు బయల్దేరాయి. మా కేంద్రం అధిపతి ఉషిజిమా గారికి కడుపులో పుండు. ఆయన మందు బిళ్ళలు నములుతూ ఇవాకిరి గారిని పిలిపించారు.

"ఇవాకిరి గారూ, రేపు మీరు ఎవరికీ క్షమాపణ చెప్పకూడదు. ఇది ఆజ్ఞ."

"ఒక్కరికైనా..."

"ఒక్కరికి కూడా వద్దు! పురుగూ పుట్రకి కూడా వద్దు!"

"చిత్తమండి. ఆజ్ఞ తప్పితే మన్ని..."

"ఇవాకిరి గారూ!"

ఆయన నోరు మూసుకున్నారు. అప్పటికే ఊళ్ళో ఇళ్ళన్నీ తిరిగొచ్చేశారు గనక అటువైపు పని మిగల్లేదు.

మర్నాడు పరుగు పదకొండు గంటలకి. సంఘం పెద్దలు పదింటికే దిగారు. ఆలస్యంగా రావడం మర్యాద కాదని ముందుగా బయల్దేరారట. ఇవాకిరి గారు పరుగెత్తుకెళ్ళి గేటు తీసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకి నిలబడ్డారు. సంఘానికి పెద్ద కునియెదా గారు, సన్నటి పొడుగాటి మనిషి. నవ్వు అనేది ఎక్కడో రైల్లో మరిచిపోయి వచ్చినట్టు ఉండేవారు.

సోనోదా చెమటలు కక్కుతూ ఉషిజిమా గారిని గేటు పక్కకి లాగాడు. "చల్లదనం కుదురుకోవడానికి ఇంకో గంట పడుతుందండీ."

"పెద్దల్ని గంటసేపు గాలికి కూర్చోబెడతామా? ఎంత అమర్యాద!"

"మీరన్నదీ నిజమే," అని సోనోదా నీళ్ళు నమిలాడు.

అంతలో కునియెదా గారు, "మా కోసం ఏం తొందరపడకండి," అన్నారు. మా దగ్గర పెద్దలు ఆ మాట అన్నారంటే తొందరపడాల్సిందే. ఆ ముక్కతో సోనోదా మారు మాట లేకుండా లోపలికి వెళ్ళి పరుగుకి సిద్ధం చేయించాడు. ఒక్క గంట ఆగండి అని ఎవరైనా అనొచ్చు. ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు, టీ కప్పులు అందించే పనిలో పడ్డాను. ఇంత పెద్ద రైలు, ఇన్నేళ్ళ కష్టం, మా మర్యాదల మధ్య నలిగిపోయింది.

ఇవాకిరి గారి ముఖం ఎర్రబడి, చెంపలు ఉబ్బి ఉన్నాయి.

"ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"ఆపుకుంటున్నానండి."

"పోనీ నా చెవిలో చెప్పెయ్యండి."

"వద్దండి. ఆజ్ఞ." అని కంచె దాకా వెళ్ళి, అటు తిరిగి, సముద్రానికి దణ్ణం పెట్టినట్టు మూడు నాలుగుసార్లు వంగి వచ్చారు. కాస్త తెరిపిన పడ్డట్టు కనిపించారు.

ఊరివాళ్ళ కోసం వేసిన గుడారంలో కురోసే గారు, యోనే మామ్మ, ఇంకా పొలాలవాళ్ళూ కూర్చున్నారు. చిహారు పిల్లలిద్దర్నీ చెరో పక్కా పెట్టుకుని ఉంది. రైలు కదిలింది. మొదట చక్రాల మీద గడగడలాడుతూ వెళ్ళింది. వేగం అందుకుంది. ఉన్నట్టుండి ఆ గడగడ ఆగిపోయింది. లేచింది! నిజంగా లేచింది. అంత పెద్ద పెట్టె చప్పుడు లేకుండా గాలి మీద జారిపోతుంటే నా ఒళ్ళు జలదరించింది. ఉషిజిమా గారు బిళ్ళ నమలడం ఆపారు. గుడారంలో పిల్లలు చప్పట్లు కొట్టబోయారు.

అప్పుడే తెల్లటి ఆవిరి.

రైలు ధబ్బున చక్రాల మీద కూలబడింది. యోనే మామ్మ షెడ్డులో కోళ్ళు ఒక్కసారిగా గోల పెట్టాయి. మా మనుషులెవరూ కదల్లేదు. ఒకావిడ చేతిలో టీ కప్పు అలాగే ఒరిగిపోయి టీ అంతా కారిపోతున్నా చూసుకోలేదు. అయిపోయింది, మా బతుకులింతే, ఈ రైలు ఈ జన్మకి తేలదు అని నేను గట్టిగానే అనేశాను.

కునియెదా గారు లేచి నిలబడ్డారు. "ఇది ఎవరి తప్పు?" అన్నారు.

సోనోదా గదిలోంచి బయటికొచ్చాడు. పెద్ద గడ్డంతో, నెత్తురు లేని ముఖంతో వచ్చి, అందరి ముందూ నిలబడ్డాడు. చిహారు పిల్లల కళ్ళు చేతులతో మూసింది. సోనోదా నడుం వంచబోతున్నాడు.

"ఆగరా అబ్బాయ్!" అని గుడారంలోంచి కేక వినబడింది. యోనే మామ్మ. "నువ్వెందుకు వంగుతున్నావ్? చెడగొట్టింది ఇవాకిరి కదా!"

అందరం తలలు తిప్పాం.

"అవునండీ," అని కురోసే గారు లేచారు. "మా అల్లుడు వంగడమేమిటి? ఇన్నేళ్ళుగా ప్రతిసారీ ఆ ఇవాకిరే వచ్చి చెబుతున్నాడు, రేపు నావల్ల చెడుతుందని. పోయిన చలికాలం కుళాయి బిగించడం మరిచిపోతానని ముందు రోజే చెప్పాడు. మరి గుర్తుంది కదా, బిగించొచ్చు కదయ్యా అంటే, 'మరిచిపోవడమంటే అదేనండీ' అన్నాడు. తెల్లారేసరికి ఆవిరే!"

"మాకూ చెప్పాడు, నూనె తప్పు పోస్తానని!" అని ఎవరో పొలాలవాడు అందుకున్నాడు.

"ఆ పిల్లలంతా ఒళ్ళు దాచుకోకుండా చాకిరీ చేస్తుంటే వీడొక్కడే అంతా నాశనం చేస్తున్నాడు," అంది మామ్మ. "తనే చెప్పాడు నాకు. సోనోదా లాంటి పనివాడు దేశంలో లేడు మామ్మా, నా చేతకానితనం వల్లే పాడవుతోంది అని. ఇన్నేళ్ళుగా వీణ్ణి పన్లోంచి ఎందుకు తీసెయ్యరా అని మేమంతా ఆశ్చర్యపోతున్నాం!" అని, ఒక్క క్షణం ఆగి, "తీసెయ్యకండి లెండి. మనిషి మంచివాడు," అంది.

మా ఇంజనీర్లంతా నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. రైలు పెట్టె మీద చెయ్యి వెయ్యడానికే వీల్లేని మనిషి, కుళాయి ఎక్కడుంటుందో కూడా తెలియని మనిషి, ఇన్నేళ్ళుగా మా తప్పులన్నీ ముందుగానే తన పేరు మీద రాయించుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు. సోనోదా పిల్లలు బళ్ళో హాయిగా కూర్చుంటున్నది, మేమంతా ఊళ్ళో తలెత్తుకు తిరుగుతున్నది ఎవరి పుణ్యమో అప్పుడు తెలిసింది. నాకు ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. దాంతోపాటే తిట్టబుద్ధి కూడా వేసింది ఆయన్ని.

కునియెదా గారు ఇవాకిరి గారిని ముందుకి పిలిచారు. "మీరు అయస్కాంతాల విభాగమా?"

"కాదండి. ఊడుస్తానండి."

"ఊడ్చేవారు అయస్కాంతాల్ని ఎలా చెడగొడతారు?"

ఇవాకిరి గారు ఉషిజిమా గారి వైపు చూశారు. "అయ్యా, ఇప్పుడు చెప్పుకోవచ్చాండీ? జరిగిపోయింది కదా, ముందస్తుది కాదు."

"చెప్పండి," అన్నారు ఉషిజిమా గారు కుర్చీలో కూలబడి. "ఇక చెప్పకుండా దాచుకోవడానికి ఏం మిగిలింది?"

"అయస్కాంతాలకి ఇంకో గంట చల్లదనం కావాలండి," అన్నారు ఇవాకిరి గారు. "పదకొండింటికి తీయాల్సిన గేటు నేను పదింటికే తీసేశాను. తీయకుండా ఉంటే తమరు బయటే ఉండేవారు. గంట గడిచేది. రైలు తేలేది. గేటు నాది గనక తప్పు నాది. మన్నించాలి."

అని వంగారు. ఆ వంగడం చూసి తీరాలండీ. జీవితమంతా చేసిన సాధన ఒక్కచోట కనిపించింది.

పదింటికి వచ్చిందెవరు అన్న ప్రశ్న అందరి ముఖాల్లోనూ కనిపిస్తోంది, ఎవరి నోట్లోంచీ రావడం లేదు. సంఘం సభ్యులంతా తమ బూట్లు పరీక్షగా చూసుకుంటున్నారు. కునియెదా గారి చెవులు మెల్లమెల్లగా ఎర్రబడ్డాయి. మా మీద పెట్టుకున్న కోపమంతా ఏం చెయ్యాలో తెలియక ఆయన దగ్గరే ఉండిపోయింది.

"గేటా..." అన్నారు చివరికి.

"గేటేనండి," అన్నాడు పక్కనున్న సభ్యుడు ఆత్రంగా. "గేటు తెరిచే వేళల విషయంలో స్పష్టంగా లోపం ఉన్నట్టుంది."

"అవును. గేటు సంగతి సరిచేసేదాకా అయస్కాంతాల మీద ఏమీ తేల్చలేం." కునియెదా గారు దగ్గారు. "వచ్చే ఏడాది మళ్ళీ చూద్దాం. అప్పుడు... అనుకున్న వేళకే వస్తాం."

పెద్దలు కార్లెక్కి వెళ్ళిపోయారు. అయస్కాంతాల విభాగం మూతపడలేదు. సోనోదా టోక్యో వెళ్ళక్కర్లేదు. మాకు ఇంకో ఏడాది దొరికింది, అంటే ఇంకో ఏడాదిపాటు కూలబడడానికి అనుమతి దొరికింది. దానికే ఉషిజిమా గారూ నేనూ ఒకర్నొకరం పట్టుకుని ఏడ్చాం. ఇవాకిరి గారికి శిక్షగా గేటు తాళం తీసుకుని నాకిచ్చారు. ఆయన అది నా చేతిలో పెడుతుంటే మెల్లగా అడిగాను.

"నిజం చెప్పండి. పెద్దాయనకి చురక అంటించాలనే ఆ గేటు మాట అన్నారా?"

"చురకేమిటండీ?" అన్నారాయన కంగారుగా. ఆ కంగారు నిజమో నటనో ఇప్పటికీ నాకు తెలియదు.

కాసేపటికి ఆయన చీపురు పట్టుకుని దారి ఊడ్చుకుంటుంటే సోనోదా వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను. సోనోదా ఆయన ఎదురుగా నిలబడి, ఇందాక పెద్దల ముందు వంగలేకపోయిన వంగుడు అక్కడ వంగాడు.

"ఇవాకిరి గారూ, ఇన్నేళ్ళూ నా తప్పులన్నీ మీరు మోశారు. మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. నన్ను మన్నించండి."

ఇవాకిరి గారి చేతిలోంచి చీపురు జారిపోయింది. చుట్టూ చూశారు, ఈ మాట ఎవరితోనో అంటున్నాడేమోనని. నేను తప్ప ఎవరూ లేరు. ఆయన ముఖంలో అంత భయం రైలు కూలబడ్డప్పుడు కూడా నేను చూడలేదు.

"ఫుమియే గారూ," అన్నారు గొణుగుతూ, "ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?"

"మన్నించానని చెప్పాలండీ, అంతే."

"అదెలా చెబుతారండీ?"

"'మన్నించాను' అనాలి. రోజూ ఊరంతా మీతో అంటూనే ఉంది కదా!"

ఆయన గొంతు సవరించుకున్నారు. "మన్..." అన్నారు. ఆగారు. నుదుటి మీద చెమట తుడుచుకున్నారు. "మన్... మన్ని..." అని మళ్ళీ మొదలుపెట్టారు. సోనోదా వంగే ఉన్నాడు, జవాబు వచ్చేదాకా లేవకూడదు కదా. నేను పక్కనుంచి పెదవులు కదిలిస్తూ సాయం చేస్తున్నాను. ఎంతకీ ఆ మాట బయటికి రాలేదు. చివరికి ఇవాకిరి గారు ఓడిపోయి, సోనోదా కంటే ఇంకా కిందికి వంగిపోయారు.

"మన్నించాలి సోనోదా గారూ. నాకది రావడం లేదండి."

వంగిన చోటే సోనోదా భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకుని నేను కంగారుగా దగ్గరికెళ్ళాను. గడ్డం అదిరిపోయేలా నవ్వుతున్నాడు.